ఊరిపేరుతో అమ్ముడగు సరకు: ఫ్రాన్సు దేశపు సంతలు

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యను సామెత మన రైతుల నోటనే పుట్టియుండును. పండించినవాడు సరకును బండి కెక్కించి తీసికొనిపోయిన దినమున అడుగువాడుండడు. అదే సరకు నాలుగు చేతులు మారి పట్టణపు టంగడికి చేరినపిమ్మట, కొనువాడు ధర విని వెనుకకు తగ్గును. ఈ రెండు కష్టములకు నడుమనున్న దూరమును తగ్గించుటయే సహకార సంఘముల ముఖ్యోద్దేశములలో నొకటి.

ఈ విషయమున ఇతర దేశముల రైతులు చేసిన పనిని తెలిసికొనుట మనకు లాభకరము. కావున ఈ మాసమున ఫ్రాన్సు దేశపు సంతలను గూర్చియు, అచ్చట ఊరిపేరుతో అమ్ముడగు పూర్వాచారపు సరకులను గూర్చియు వ్రాయదలచితిమి. ఆ దేశము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. కాకినాడ చెంతనున్న యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనే యుండినది. ఆ దేశమున నేడు పెద్ద పెద్ద అంగళ్లకు కొదువలేదు. ఒక్క కప్పు క్రింద ఉప్పు మొదలు ఉడుపుల వరకు దొరకును. అయినను అచ్చటి జనులనేకులు వారమున కొకనాడు బుట్ట చేతబట్టుకొని ఊరిసంతకు పోయి, కొంచె మధికధర యిచ్చియైనను, "ఫలాని సీమ పప్పు కలదా? ఫలాని కొండసీమ చీజు కలదా?" యని యడిగి కొనుచున్నారు. వా రట్లేల చేయుచున్నారో విచారించిన యెడల మన కక్కరకు వచ్చు సంగతులు కొన్ని బయటపడును.

సంత తీరు

ఫ్రాన్సులో సంతను "మర్షే" యందురు. చిన్న ఊరైనచో వారమున కొకదినము, పట్టణమైనచో రెండు మూడు దినములు సంత జరుగును. మన వారపు సంతలవలెనే ప్రతి ఊరికి నొక దినము నియతమై యుండును. లువాన్ పట్టణమున సోమవారము, లె ప్యుయి పట్టణమున శనివారము సంత యని చుట్టుప్రక్కలవారి కందరకు తెలియును. ప్రొద్దున్నే దుకాణములు వెలసి మధ్యాహ్నమునకు లేచిపోవును. సంత నడపు నధికారము ఊరి పురపాలకులది. దుకాణము పట్టిన స్థలమును మీటర్ల లెక్కను కొలిచి ఆశీలు వసూలు చేయుదురు. ఎవరెచ్చట కూర్చుండవలయునో, ఎప్పుడు లేవవలయునో నియమములుండును. ధర వ్రాసిన పలక సరకుమీద నుండి తీరవలయును. పండ్లకు కూరగాయలకు అవి యే సీమనుండి వచ్చినవో కూడ వ్రాయవలయును. బేరము చాల తక్కువ.

కొనువానిని సంతకు లాగుకొని వచ్చు ఆకర్షణలలో మొదటిది ఋతువు. వసంతమున స్ట్రాబెరీ పండ్లు, వేసవిలో ఖర్బూజాలు, టమాటాలు, ఆకురాలు కాలమున పుట్టగొడుగులు, అక్రోటుకాయలు, చలికాలమున దుంపలు, క్యాబేజీలు సంతకు వచ్చును. ఏ కాలపు సరకు ఆ కాలమున మాత్రమే రుచిగా నుండునని కొనువాడెరుగును. క్రొత్త పంట వచ్చు వారమునకై ఎదురుచూచును. మన మామిడికాయ కొరకు మనము చైత్రమున నెదురుచూచినట్లే యిది.

రెండవది సంభాషణము. చీజు అమ్మువాడు ఒక పలుచని ముక్క కోసి కత్తికొనమీద నందిచ్చి రుచి చూడుమనును. ఖర్బూజా అడిగినవానిని "ఈ పూట తినుటకా, రేపటికా?" యని యడిగి, కాయను చేతబట్టి వాసన చూచి, తగినదానిని ఏరి యిచ్చును. ఇట్టి ప్రశ్న పెద్ద యంగడిలో నెవరు నడుగరు. ఎట్లు వండవలయునో, ఎన్నిదినములు నిలువయుండునో అమ్మువాడే చెప్పును. సరకు బాగుండనియెడల మరుసటి వారము అదేచోట అదే మనిషి దొరకును గనుక అడుగుట కవకాశము కలదు. మోసము చేసినవాడు పైవారము తలయెత్తి నిలువలేడు. ముఖపరిచయమే యిచ్చట హామీపత్రము.

మూడవది ఆచారము. ఫ్రెంచివారి విందుభోజనపు టాచారమును 2010లో ఐక్యరాజ్యసమితి విద్యా సంస్కృతి సంస్థయగు యునెస్కో మానవజాతి వారసత్వములలో నొకటిగా చేర్చినది. ఆ యాచారములో వంట మాత్రమే గాక, మంచి సరకును, సాధ్యమైనంతవరకు దగ్గరి సీమలో పండినదానిని, ఎంచి కొనుట కూడ నొక భాగమని చెప్పబడినది. అనగా సంతకు పోవుటయే విందునకు మొదటి మెట్టు.

కొన్ని సంతలు ఒక్క సరకునకే ప్రత్యేకములు. లాల్‌బెంక్ అను గ్రామమున చలికాలమున మంగళవారములందు ట్రఫుల్ సంత జరుగును. ట్రఫుల్ అనునది ఓక్ మొదలగు చెట్ల వేళ్లచెంత భూమిలో దొరకు నల్లని సుగంధపు కుక్కగొడుగు. మిక్కిలి వెలగలది. రైతులు చిన్న బుట్టలను బల్లలమీద వరుసగా నుంచుకొని నిలుచుందురు. నియతవేళకు సంకేతము వినబడువరకు క్రయవిక్రయములు జరుగరాదు. సంకేతమైన కొద్దినిమిషములలో సంత ముగియును. అందరకు నొకేవేళ, అందరియెదుట బేరము. ముందుగా వచ్చి చాటున కొనిపోవుటకు వీలులేదు. చిన్న నియమమే గాని దాని విలువ మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అమ్మువారందరు పండించినవారు కారు

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలయును. ఫ్రాన్సు సంతలో కూర్చున్నవారందరు రైతులని తలచుట పొరపాటు. పండించి తెచ్చి యమ్మువారు కొందరు. పెద్దమార్కెటులో కొని తెచ్చి తిరిగి యమ్ము వ్యాపారులు కొందరు. పారిసు నగరము నడుమనున్న ప్రాతమార్కెటు 1969లో నగరము వెలుపలి రంజీసునకు తరలింపబడినది. అచ్చటినుండి సరకు తెచ్చి సంతలో పరచువా రనేకులు. అది తప్పు గాదు. కాని వ్యాపారి తాను రైతుననిపించుకొనుట తప్పు. అందుచే తెలిసిన కొనుగోలుదారుడు దుకాణమున "ఉత్పత్తిదారు" అను పలక కలదా యని చూచును. ఒకే దుకాణమున నన్ని ఋతువుల పండ్లు, దూరదేశపు అరటి, నారింజ కలిసి యున్నచో ఆ మనిషి రైతు కాడని గ్రహించును. నాలుగైదు రకములు మాత్రమే, అవియు మట్టి యంటి, ఒక్కతీరుగా లేక యున్నచో రైతని యూహించును.

రైతునకు కొనువానికి నడుమ మధ్యవర్తి యసలు లేకుండుట గాని, ఒక్కడు మాత్రమే యుండుట గాని జరిగినచో దానిని "పొట్టిదారి వ్యాపార"మని 2009లో ఫ్రాన్సు వ్యవసాయశాఖవారు నిర్వచించిరి. ఇట్టి పద్ధతులలో సంత ప్రాచీనమైనది. క్రొత్తది యొకటి 2001లో దక్షిణ ఫ్రాన్సులోని ఒబాన్యె పట్టణముకడ మొదలైనది. ఇందులో కొన్ని కుటుంబములు సంఘముగా చేరి, ఒక రైతు పండింపబోవు పంటలో తమ భాగమునకు ముందుగానే సొమ్ము చెల్లించును. వారము వారము ఆ పొలమున పండిన కూరగాయల బుట్ట వారికి చేరును. వడగండ్లవాన వచ్చి పంట తగ్గినయెడల బుట్టయు తగ్గును. నష్టము రైతు నెత్తినే పడదు. విత్తుటకు ముందే పెట్టుబడి చేతికి వచ్చుటయు, అప్పు తప్పుటయు దీనియందలి మేలు.

ఊరిపేరునకు చట్టరక్ష యేల వచ్చెను

ఊరిపేరుతో సరకమ్ముట వినుటకు సులభము. కాని పేరునకు విలువ వచ్చిన మరుదినముననే దొంగపేరు బయలుదేరును. ఫ్రెంచి రైతులు ఈ సంగతిని కన్నీళ్లతో నేర్చుకొనిరి.

పందొమ్మిదవ శతాబ్దపు టుత్తరార్ధమున ఫిలాక్సెరా యను పురుగు ఆ దేశపు ద్రాక్షతోటలను నాశనము చేసినది. సరకు తగ్గుటచే పంచదార, నీళ్లు కలిపి చేసిన కల్తీ ద్రాక్షసారాయములు సంతలలో నిండినవి. ద్రాక్షసారాయమును గూర్చి మన సభ్యులలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. ఇచ్చట మనకు కావలసినది దాని రైతు కథ మాత్రమే. తోటలు తిరిగి నాటి పండించునప్పటికి కల్తీసరకు వలనను, సరకు పెచ్చు పెరుగుటవలనను ధర పడిపోయి రైతులు అప్పులపాలైరి. 1907లో దక్షిణ ఫ్రాన్సు పట్టణములలో లక్షలకొలది జనులు గుమిగూడి మొరపెట్టుకొనిరి. నార్బోన్ పట్టణమున సైనికుల కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ సంవత్సరమే కల్తీని అరికట్టు చట్టము చేయబడెను.

ఆ కష్టకాలముననే మరొకదారి త్రొక్కినవారును కలరు. మరోస్సాన్ గ్రామపు చిన్నరైతులు 1901లో సహకార సంఘముగా చేరి తమ సరకును పారిసులోని వినియోగదారుల సహకార సంఘములకు నేరుగా అమ్మసాగిరి. పండించువారి సంఘమొక వైపు, కొనువారి సంఘమొక వైపు. నడుమ దళారి లేడు. సుప్రసిద్ధ రాజకీయనాయకుడు జాన్ జోరెస్ 1905లో ఆ గ్రామమునకు పోయి వారి పనిని చూచి మెచ్చుకొనెను.

తరువాత చట్టములు మెట్టుమెట్టుగా వచ్చినవి. 1905లో సరకుల మోసమును నిషేధించు చట్టము, 1919లో ఊరిపేరును కాపాడుటకు న్యాయస్థానముల కధికార మిచ్చిన చట్టము, 1935లో ద్రాక్షసారాయముల పేర్లను పరిశీలించి నియమము లేర్పరచుటకు ఒక జాతీయసంఘము ఏర్పడినవి. రోక్‌ఫోర్ అను గొఱ్ఱెపాల చీజునకు 1925లోనే ప్రత్యేకచట్టము చేసిరి. 1990లో ఈ రక్షణపద్ధతి వ్యవసాయపు సరకులన్నిటికి విస్తరింపబడెను. 1992లో ఐరోపా సమాజపు సభ్యదేశములన్నిటికి వర్తించు నియమము వచ్చినది.

ఈ రక్షణలో రెండు భాగములు. ఒకటి హద్దు: ఏయే గ్రామముల సరకునకు ఆ పేరు చెల్లునో పటముమీద గీసి చెప్పుదురు. రెండవది పద్ధతి: ఏ జాతి విత్తనము, ఏ జాతి పశువు, ఏ మేత, ఎట్లు ఎండబెట్టుట, ఎంతకాలము నిలువచేయుట, ఇవన్నియు వ్రాసిపెట్టుదురు. వ్రాతలో నున్నట్లు చేయుచున్నారో లేదో తనిఖీ జరుగును. హద్దులోపల పుట్టినంతమాత్రమున పేరు రాదు. పద్ధతి పాటించిననే వచ్చును. మట్టి, గాలి, మనుష్యుల చేతిపని మూడును కలిసిన దానిని ఫ్రెంచివారు "తెర్వార్" అందురు. మన పెద్దలు "నేల గుణము, చేతి గుణము" అనునది అదియే.

మూడు సరకులు

లె ప్యుయి పప్పు: నడుమ ఫ్రాన్సులో అగ్నిపర్వతపు నేలలు గల మెట్టసీమ కలదు. అచ్చట ఆకుపచ్చని చిన్న మసూరు గింజ పండును. వసంతమున విత్తి వేసవి చివర కోయుదురు. నీరు పెట్టరు. చుట్టునున్న కొండలు తడిగాలిని అడ్డగించుటచే వేసవిలో వేడిగాలి వీచి గింజ త్వరగా ఎండును. అందుచే తోలు పలుచగా నుండి, ఉడికినను గింజ చితుకదు. ఇదివరలో బీదల తిండి యనబడిన ఈ పప్పునకు 1996లో పేరురక్ష లభించినది. ఆకుపచ్చ మసూరు ఇతరదేశములలోను పండును. కెనడా యందు విస్తారముగా పండును. కాని ఆ గింజపై ప్యుయి పేరు వేసి ఐరోపాలో అమ్మరాదు. బీడుభూమియని యెంచబడిన మెట్టనేలయే ఆ రైతులకు ఆస్తియైనది. మన మెట్టరైతులు గమనింపదగినది యిదియే.

ఎస్పెలెత్ మిరప: ఇది మన గుంటూరు రైతులు ఆసక్తితో వినదగిన కథ. స్పెయిను సరిహద్దున బాస్కు సీమలో పదియూళ్ల పరిధిలో నొక యెఱ్ఱమిరప పండును. మన మిరపవలెనే దాని పుట్టిల్లు అమెరికా ఖండము. ఆకురాలుకాలమున కాయలను దండలుగా గ్రుచ్చి తెల్లని గోడలకు వ్రేలాడదీయుదురు. ఇండ్లన్నియు ఎఱ్ఱతోరణములు కట్టినట్లుండును. కాయను చేతితో కోసి, గాలితగులు చోట పదునైదు దినములకు తక్కువగాకుండ మాగనిచ్చి, పిమ్మట పొయ్యిలో ఎండించి పొడికొట్టుదురు. ఘాటులో అది మన సన్నమునకు సాటిరాదు. దాని గొప్ప పరిమళమునందే. 2000లో దానికి పేరురక్ష వచ్చెను. చిన్నసీసాలలో నమ్మబడు ఆ పొడికి సాధారణపు కారముకన్న ననేకరెట్లు ధర పలుకును. అక్టోబరు చివర ఆ యూర జరుగు మిరప పండుగకు దూరప్రాంతముల జనులు వచ్చి రైతుల చేతినుండియే కొనిపోవుదురు.

బ్రెస్ కోడి: తూర్పు ఫ్రాన్సులోని బ్రెస్ సీమలో తెల్లని యీకలు, ఎఱ్ఱని జుట్టు, నీలికాళ్లు గల కోడిజాతి కలదు. ఆ మూడు వన్నెలు ఫ్రెంచిజెండా వన్నెలేయని వారు మురియుదురు. ఒక్కొక్కకోడికి పదిచదరపుమీటర్లకు తక్కువ గాని పచ్చికబయలు ఉండవలయును. ధాన్యము, మొక్కజొన్న, పాలపదార్థములు మేపుదురు. 1957లో చట్టముచే దానిపేరు కాపాడబడెను. మన దృష్టి నాకర్షించునది యొకటి: కోడికాలికి తొడిగిన యుంగరముమీద పెంచిన రైతుపేరు చెక్కియుండును. కొన్నవాడు మెచ్చినను, తిట్టినను, ఆ మాట నేరుగా రైతునకు చేరును.

కోంతె చీజు: సహకారమే మూలధనము

ఈ వ్యాసమునకు ప్రాణమనదగిన కథ జ్యురా కొండలలోని కోంతె చీజు. చీజు అనగా పాలు విరుగగొట్టి, నీరు పిండి, అచ్చులో నొత్తి, మాగబెట్టిన పాలగడ్డ. కోంతె గడ్డ బండిచక్రమువలె గుండ్రముగా నుండి నలుబది కిలోల వరకు తూగును. అట్టి గడ్డ నొకదానిని చేయుటకు సుమారు 400 లీటర్ల పాలు కావలయును.

పూర్వకాలమున రెండుమూడావులు గల రైతు ఒక్కడు ఒకనాటికి 400 లీటర్లెక్కడనుండి తేగలడు? కొండలలో చలికాలము దీర్ఘము. వేసవి పాలను చలికాలపు తిండిగా దాచుకొనవలెనన్నచో పెద్దగడ్డ చేయవలయును. పెద్దగడ్డ చేయవలెనన్నచో ఇరుగుపొరుగువారు పాలు కలుపుకొనవలయును. కావున పదమూడవ శతాబ్దమునుండియే ఆ కొండలలో రైతులు పాలు కలుపుకొని చీజు చేయు ఆచార మేర్పడినది. ఆ పాలశాలలను "ఫ్రుయితియేర్" లందురు. సహకారమను మాట పుట్టుటకు కొన్ని వందలయేండ్లకు ముందే సహకారము పుట్టినదన్నమాట. నేటికిని వానిలో నధికభాగము రైతుల సహకారసంఘములే.

1958లో కోంతె పేరునకు రక్ష వచ్చెను. వారి నియమములు కఠినములు. నియతమైన ఆవుజాతుల పాలే వాడవలయును. పాతరలో పులియబెట్టిన గడ్డి మేపరాదు. పాలు సేకరించు వలయము ఒక కొననుండి మరొక కొనకు 25 కిలోమీటర్లకు మించరాదు. గడ్డను నాలుగు మాసములకు తక్కువ గాకుండ మాగబెట్టవలయును. ప్రతిగడ్డకు గుర్తుబిళ్ల యుండును. మాగిన పిమ్మట ఇరువదిమార్కులకు పరీక్షింతురు. పదునాలుగు మించినదానికి ఆకుపచ్చ పట్టీ, పండ్రెండునకు పైబడి పదునాలుగు వరకు వచ్చినదానికి గోధుమవన్నె పట్టీ వేయుదురు. పండ్రెండునకు తక్కువైనది కోంతె పేరుతో నమ్మబడదు. దానిని చేసినవాడు కోపగించుకొనినను నియమము మారదు.

దీనివలన రైతున కేమి వచ్చెను? కోంతెకు పోయు పాలకు ఫ్రాన్సులో సాధారణపు పాలకన్న నధికధర వచ్చుచున్నది. కొండపల్లెలలో చిన్నకమతముల వారు పాడి విడిచి పట్టణములకు పోక నిలిచియున్నారు. ఏటేట ఎంత చీజు చేయవలయునో కూడ వారు కలిసి నిర్ణయించుకొందురు. ధర బాగున్నదని యందరు ఒక్కమారు ఎగబడి చేసి, పిమ్మట ధర పడగొట్టుకొనుట జరుగదు. సంతలో కోంతెముక్క కొనువాడు రుచి కొనుచున్నాననుకొనును. నిజమునకు అతడు ఆ రైతులందరి కట్టుబాటును కొనుచున్నాడు.

పేరు పోగొట్టుకొన్న వారు

అందరకు నిట్లు సాగలేదు. నోర్మాందీ సీమలోని కమాంబెర్ గ్రామపు చీజు లోకప్రసిద్ధము. కాని ఆ పేరును కాపాడుకొనుటకు అచ్చటివారు న్యాయస్థానమున కెక్కునప్పటికి ఇతరసీమలవారు అదేపేరుతో విస్తారముగా చేసి యమ్ముచుండిరి. 1926లో ఓర్లెయాన్ న్యాయస్థానము కమాంబెర్ అనునది అందరిసొత్తైన సామాన్యనామమైపోయినదని తీర్పు చెప్పెను. నేడు ఏ దేశమున నెవరైనను కమాంబెర్ అను పేరుతో చీజు చేయవచ్చును. 1983లో మాత్రము "నోర్మాందీ కమాంబెర్" అను నిండుపేరునకు రక్ష దొరకినది. దానికి కాచని పచ్చిపాలు వాడవలయును, గరిటెతో అచ్చు నింపవలయును. పిమ్మట పెద్ద కార్ఖానాలవారు కాచినపాలతో చేసిన చీజుమీద "నోర్మాందీలో చేయబడిన కమాంబెర్" అని అచ్చువేయసాగిరి. రెండుమాటలకు నడుమ భేదము సామాన్యుడు కనిపెట్టలేడు గదా! ఏండ్లతరబడి వివాదము జరిగినది. పేరు పెద్దదైన పిమ్మట మేలుకొనుటకన్న, చిన్నదిగా నున్నపుడే కాపాడుకొనుట మేలు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" యనిపించుకొనుట కిదియే దారి.

లోపములును కలవు

పొరుగింటి పుల్లకూర రుచియని మెచ్చుకొనుట మా యుద్దేశము కాదు. ఫ్రాన్సులో కూడ జనుల తిండిసరకులలో నధికభాగము పెద్దయంగళ్లలోనే అమ్ముడగుచున్నది. సంతలోని పేరుగల సరకు బీదవానికి తరచు అందదు. సంతలో కూర్చుండు రైతు ఒకపూట పని మానుకొనవలయును. తెల్లవారక ముందే సరకు కట్టి, వాననక చలియనక నిలిచి, మిగిలినదానిని తిరిగి మోసికొని పోవలయును. వ్రాతకోతలు, తనిఖీ ఖర్చులు చిన్నరైతునకు భారము. ఒంటరిరైతు ఈ బరువు మోయలేడు. అందుచేతనే పేరు నిలిచినచోటనెల్ల సంఘము కనబడుచున్నది.

మనము చేయదగినది

మనదేశమునను ఇట్టి చట్టము 1999లో చేయబడి 2003లో అమలునకు వచ్చినది. గుంటూరు సన్నపు మిరప, బనగానపల్లె మామిడి, అరకులోయ కాఫీ, తాండూరు కంది మొదలగునవి దానిక్రింద నమోదైనవి. అరకు గిరిజన రైతులు సహకార సంఘముగా చేరి పండించిన కాఫీకి 2017లో పారిసు నగరముననే అంగడి తెరువబడినది. ఫ్రెంచివాడు మన ఊరిపేరు చూచి కొనుట యిది. నేరుగా అమ్ముకొనుటకు 1999 జనవరి 26న మొదలైన రైతుబజారులును కలవు. చట్టమున్నది, చోటున్నది, సరకున్నది. తక్కువైనది కట్టుబాటు. నమోదుపత్రము గోడకు వ్రేలాడదీసినంతమాత్రమున ధర రాదు. యార్డునకు చేరుసరికి పది ఊళ్ల బస్తాలు ఒక్కకుప్పగా కలిసిపోయినచో ఏ ఊరిపేరు నిలుచును?

కావున సంఘసభ్యులు ఈ క్రింది విషయములను వచ్చు సమావేశమున చర్చింప ప్రార్థించుచున్నాము.

1. మన గ్రామమున పేరుపొందదగిన సరకు ఏదో పెద్దల నడిగి నిర్ణయించుట. ఒక్కటి చాలును.

2. విత్తనము, కోత, ఎండబెట్టుట, గ్రేడింగు మొదలగు పద్ధతిని నాలుగు పుటలలో వ్రాసి, అందరు సంతకము చేయుట.

3. పద్ధతికి లోబడనిది, అది సంఘాధ్యక్షునిదే యైనను, ఊరిపేరుతో నమ్మకుండుట.

4. ప్రతిబస్తాపై రైతుపేరు, గ్రామము, కోసిన మాసము వ్రాయుట.

5. ఇదివరకే నమోదైన పేరు గల సరకు పండించువారు చట్టప్రకారము అధికృత వినియోగదారులుగా తమపేర్లు చేర్పించుకొనుట. ఈ పని ఒక్కొక్కరు చేయుటకన్న సంఘము పూనుకొని చేయించుట తేలిక.

6. దగ్గరి రైతుబజారున గాని, వారపుసంతలో గాని, సంఘము తరఫున ఒక దుకాణమును వంతులవారీగా నడుపుట. ఒక్కరు కూర్చున్నచో పదిమంది పొలముపని చూచుకొనవచ్చును.

ఇందు మూడవది అన్నిటికన్న కష్టము. సాటిరైతు సరకును "ఇది మన పేరునకు తగదు" అని త్రోసివేయుటకు నోరు రాదు. కాని కోంతె రైతులు ప్రతిగడ్డకు చేయుచున్నది అదియే. ఒక్కని మొగమాటము వలన వందమంది పేరు పోవునని వారెరుగుదురు. కొనువాడు మనయొద్దకు రుచికొరకు ఒకసారి వచ్చును, నమ్మకము కొరకు మరల వచ్చును. ఆ రెండవరాకయే రైతునకు లాభము. అట్టి రాక మన సంఘము దుకాణమునకు కలుగునట్లు సభ్యులెల్లరు పూనుకొందురు గాక యని కోరుచున్నాము.